మందు కన్నా ముందు బల్బు మార్చండి

ప్రశ్న: మాది విశాఖపట్నం జిల్లా ఆనందపురం దగ్గర పల్లె. ఇంటి వెనక రేకుల షెడ్డులో పెంచుకుందామని ఒక్క రోజు వయసున్న గ్రామప్రియ రకం కోడిపిల్లలు 100 తెచ్చాం. ఐదు రోజుల్లో 17 పోయాయి. రాత్రి అన్నీ ఒక మూలకి గుట్టగా చేరుతున్నాయి, తెల్లారేసరికి అడుగున ఉన్నవి చచ్చి ఉంటున్నాయి. కింద న్యూస్ పేపర్లు పరిచాం. 20 వాట్ల ఎల్ఈడీ బల్బు రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంది. నూకలు, చోడిపిండి (రాగిపిండి) వేస్తున్నాం. నీళ్లలో రోజూ బెల్లం కలిపి పళ్లెంలో పెడుతున్నాం. కొన్నింటికి ముడ్డి దగ్గర రెట్ట గట్టిగా అంటుకుపోతోంది, రెండింటికి కాళ్లు చెరోవైపు జారిపోయాయి. యాంటీబయోటిక్ పొడి ఏది కలిపితే మిగతావి దక్కుతాయి?

సమాధానం: యాంటీబయోటిక్ ఏదీ వద్దు. ఈ ఉత్తరంలో ఉన్న చావులు చాలావరకు రోగం వల్ల వచ్చినవి కావు, చలి వల్ల వచ్చినవి. ఈ రాత్రికే చేయాల్సిన పని ఆ ఎల్ఈడీ బల్బు తీసేయడం.

ఎల్ఈడీ కరెంటు తక్కువ తిని వెలుగు ఎక్కువ ఇస్తుంది. దాన్ని తయారు చేసిందే వేడి పుట్టకుండా ఉండటానికి. పాతకాలపు తీగ బల్బు తీరు దీనికి తలకిందులు. తిన్న కరెంటులో నూటికి 90 వంతులకు పైగా వేడిగానే వదులుతుంది. ఇంటికి అది నష్టం, కోడిపిల్లకి అదే ప్రాణం. మీ షెడ్డు వెలుగుతో నిండి ఉన్నా లోపల చలి అలాగే ఉంది. మొదటి వారం పిల్ల వీపు ఎత్తులో 35 డిగ్రీలు, అంటే ఫారెన్‌హీట్‌లో 95 ఉండాలి. జనవరి రాత్రుల్లో మీ వైపు 18 డిగ్రీల దగ్గరకి దిగుతుంది. ఒంటి మీద నూగు తప్ప ఈకలు లేని పిల్ల, మొదటి పది పన్నెండు రోజులు తన ఒంటి వేడిని తాను సరిగా నిలబెట్టుకోలేదు. అందుకే ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. అడుగున పడ్డది ఊపిరాడక పోతుంది.

చలి పట్టిన పిల్ల నీళ్ల దగ్గరకి రాదు, మేత ముట్టదు. పొట్టలో మిగిలిన పచ్చసొన రెండు మూడు రోజులు కాపాడుతుంది, అంతే. నాలుగో రోజు, ఐదో రోజు చావులు పెరిగాయంటే చాలాసార్లు కారణం అదే. ముడ్డి అంటుకోవడం కూడా ఎక్కువగా చలి తిన్న పిల్లల్లోనే కనిపిస్తుంది. ఈ స్థితిలో నీళ్లలో మందు కలిపినా, నీళ్లు తాగని పిల్లకి ఆ మందు చేరేదెలా?

వేడి లెక్క ఇలా వేసుకోండి. ఈ చలి రోజుల్లో పిల్లకి 2 వాట్లు, ఎండాకాలంలో 1 వాటు. మీకు మిగిలినవి 83 కాబట్టి 100 వాట్ల తీగ బల్బులు రెండు సరిపోతాయి. ఒకటే పెద్దది కాకుండా రెండు పెట్టమనడానికి కారణం, అర్ధరాత్రి ఒకటి మాడిపోయినా రెండోది ఉంటుంది. రోజంతా వెలిగితే దాదాపు 5 యూనిట్లు కాలుతుంది. తీగ బల్బు దొరక్కపోతే కోళ్ల సామాను అమ్మే కొట్లో ఎర్రటి ఇన్‌ఫ్రారెడ్ బల్బు అడగండి. 250 వాట్లది అయితే నేలకి రెండడుగుల ఎత్తున కట్టి, పిల్లల తీరు చూసి దించాలి. మామూలు బల్బులు అడుగు నుంచి అడుగున్నర ఎత్తున. పైన రేకు డోము ఉంటే వేడి పైకి పోకుండా కిందికి కొడుతుంది. వెదురు బుట్ట బోర్లించి అందులో బల్బు పెట్టే అలవాటు మన ఊళ్లలో ఉంది, నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి మానేయండి. హోల్డరు పింగాణీది కావాలి, ప్లాస్టిక్‌ది కరుగుతుంది. బరువంతా కరెంటు తీగ మీద వేలాడనీయకుండా ఇనప తీగతో దూలానికి కట్టండి. ఊక మీద బల్బు తెగి పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

థర్మామీటరు ఒకటి కొనండి. దాన్ని గోడకి తగిలించకుండా బల్బు వేడి తగిలే వలయం అంచున, ఊకకి రెండంగుళాల పైన కట్టండి. రెండో వారం 32, మూడో వారం 29, నాలుగో వారం 27 డిగ్రీలు. ఇలా వారానికి రెండు మూడు డిగ్రీల చొప్పున దించుతూ, ఈకలు నిండాక తీసేయొచ్చు. దించడమంటే బల్బు కొంచెం పైకి కట్టడమే.

అయినా థర్మామీటరు కన్నా నమ్మదగ్గవి పిల్లలే. రాత్రి పదకొండింటికి ఒకసారి, తెల్లవారుజాము నాలుగింటికి ఒకసారి చప్పుడు చేయకుండా వెళ్లి చూడండి. బల్బు కింద కుప్పపడి గట్టిగా కీచుమంటుంటే చలి. బల్బుకి దూరంగా అంచుల్లో చేరి నోళ్లు తెరిచి, రెక్కలు వదిలేసి రొప్పుతుంటే వేడెక్కువ. అన్నీ ఒకే పక్కకి చేరితే అవతలి వైపు నుంచి గాలి కొడుతోందని అర్థం. మీ పిల్లలు మూలకి చేరడంలో ఇది కూడా కలిసి ఉండొచ్చు, రేకుల కింద సందులు వెతకండి. అంతటా చల్లినట్టు పరుచుకుని, కొన్ని తింటూ, కొన్ని కాళ్లు చాచి పడుకుని, సన్నగా కిచకిచలాడుతుంటే సరిగ్గా ఉన్నట్టు. ఇంకో పరీక్ష ఉంది. పిల్లని తీసుకుని దాని పాదాలు మీ చెంపకి ఆనించండి. చల్లగా తగిలితే, థర్మామీటరు ఏం చూపించినా సరే, ఆ పిల్లకి వేడి చాలడం లేదు.

మూలలు ఉండకూడదు. రేకు గానీ అట్ట గానీ అడుగున్నర ఎత్తున గుండ్రంగా చుట్టండి. 83 పిల్లలకి ఆరడుగుల అడ్డకొలత ఉన్న వలయం ఇప్పటికి చాలు. గుండ్రంలో గుట్ట పడటానికి చోటు దొరకదు. రెండు మూడు రోజులకోసారి కాస్త వెడల్పు చేస్తూ, పది రోజుల తర్వాత తీసేయండి. ఆ పైన నాలుగు వారాల దాకా పిల్లకి అర చదరపు అడుగు, ఎనిమిది వారాల దాకా ఒక చదరపు అడుగు జాగా ఉండాలి. పరదాలు కట్టేటప్పుడు షెడ్డంతా బిగించేయకండి. కింది నుంచి పైకి కప్పి, చూరు దగ్గర అడుగు సందు వదలండి. విశాఖ గాలిలో అసలే తేమ ఎక్కువ. బిగించిన షెడ్డులో రెట్ట నుంచి వచ్చే అమ్మోనియా ఘాటు అడుగునే నిలుస్తుంది. నిలబడితే మీకు తెలియదు, కూర్చుని తల పిల్లల ఎత్తుకి వంచి వాసన చూడండి. కళ్లు మండితే పిల్లలకి అప్పటికే కష్టం మొదలైనట్టే.

ఇక కింద పరిచిన న్యూస్ పేపరు. కాళ్లు జారిన ఆ రెండు పిల్లలకీ కారణం చాలావరకు ఇదే. నున్నటి కాగితం మీద పట్టు దొరకక, లేత కాళ్లు తొడల దగ్గర విచ్చుకుపోతాయి. రెండంగుళాల మందాన పొడి వరి ఊక పోయండి. ఇప్పుడు మీ పిల్లలకి మేత ఏదో ఊక ఏదో తెలిసే వయసు వచ్చింది కాబట్టి పైన ఏమీ పరచక్కర్లేదు. కొత్త పిల్లలైతే మొదటి రెండు రోజులు ఊక మీద గరుకు కాగితమో గోనెపట్టానో వేయాలి, లేదంటే ఊకే ఏరుకు తింటాయి. కాళ్లు జారినవాటికి మెత్తటి గుడ్డపీలికతో రెండు కాళ్లనీ అంగుళం ఎడం ఉండేలా, రక్తం ఆగిపోనంత వదులుగా కట్టండి. మూడు నాలుగు రోజుల్లో చాలావరకు నిలదొక్కుకుంటాయి. కట్టినన్నాళ్లు విడిగా ఉంచి నీళ్లు, మేత పక్కనే పెట్టండి.

ఊక కొనేటప్పుడు గుప్పెడు తీసి పిండి చూసి, ముక్కు దగ్గర పెట్టుకోండి. ముక్కవాసన వస్తే, లేదా ఉండలు కట్టి ఉంటే తీసుకోవద్దు. బూజు పట్టిన ఊకలోని శిలీంధ్రం ఊపిరితిత్తుల్లో చేరితే పిల్లలు మెడ చాచి, నోరు తెరిచి గాలి పీలుస్తాయి. అది వచ్చాక నయం చేసే మందు లేదు. పొద్దుటా సాయంత్రమూ ఊక తిరగేసి, నీళ్లు పెట్టే డ్రింకరు చుట్టూ తడిసింది ఎత్తి పారేసి పొడిది వేయండి. తడి ఊక మీద సున్నం చల్లితే అమ్మోనియా ఇంకా ఎక్కువగా లేస్తుంది, ఆ పని చేయకండి.

నీళ్లు. బెల్లం నీళ్లు మంచివే, మొదటి రోజుకి. ప్రయాణం చేసి అలిసి వచ్చిన పిల్లకి తొలి పది పన్నెండు గంటలు లీటరు నీళ్లకి 80 గ్రాముల బెల్లమో పంచదారో కలిపి ఇస్తే తేరుకుంటుంది. ఐదు రోజులు ఇవ్వడం తప్పు. బల్బు వేడికి ఆ నీళ్లు కొన్ని గంటల్లోనే పులుస్తాయి, రెట్ట పలచనవుతుంది, అదే నూగుకి పట్టి ఎండి ముడ్డి మూసేస్తుంది. పైగా బెల్లానికి ఎర్రచీమలు వస్తాయి, అవి నీరసించిన పిల్లని బతికుండగానే పట్టేస్తాయి. ఇవాళే ఆపండి. మూడు రోజుల పాటు కోళ్లకిచ్చే విటమిన్, ఎలక్ట్రోలైట్ పొడి ప్యాకెట్ మీద ఉన్న మోతాదులో పగటి నీళ్లలో కలపండి. ఆ తర్వాత మంచినీళ్లు చాలు.

పళ్లెం కూడా మార్చాలి. పిల్లలు అందులోకి దిగి తడుస్తాయి, తడిసిన పిల్లకి చలి ఇంకా వేగంగా ఎక్కుతుంది, రెట్ట నీళ్లలో కలుస్తుంది. రెండు లీటర్లు పట్టే బోర్లించే డ్రింకర్లు రెండు కొనండి. అప్పటిదాకా పళ్లేన్నే వాడాల్సి వస్తే అందులో శుభ్రమైన గులకరాళ్లు నింపండి, ముక్కు పట్టేంత నీరు మాత్రమే పైకి కనిపించాలి. డ్రింకరుని సగం ఇటుక ఎత్తున, చదునుగా పెట్టండి. నీటి అంచు పిల్ల వీపుకి సమానంగా ఉండాలి, పెరిగేకొద్దీ ఎత్తు పెంచాలి. సరిగ్గా బల్బు కింద పెడితే నీళ్లు వేడెక్కి తాగవు, వలయం అంచున పెడితే చలికి అంత దూరం పోవు. రెంటికీ నడుమ ఉంచండి. రోజుకి మూడుసార్లు మార్చండి. మార్చిన ప్రతిసారీ లోపలి గాడిలో వేలు పెట్టి రుద్దండి. జిగురు తగిలితే అది సూక్ష్మజీవుల పొర, కొత్త నీళ్లు పోసినా అందులోంచి కలుస్తూనే ఉంటుంది.

బోరు నీళ్లు ఉప్పగా ఉంటే పిల్లలకి వద్దు. ఉప్పు ఎక్కువైతే రెట్ట నీళ్లలా పోతుంది, ఊక తడుస్తుంది, ఎంత పొడి ఊక వేసినా ఆగదు. మీరు తాగే నీళ్లే వాటికీ పోయండి. ఈ వయసులో 83 పిల్లలకి రోజుకి లీటరున్నర నుంచి రెండు లీటర్లు చాలు కాబట్టి పెద్ద భారమేం కాదు. ఎంత పోశారో, ఎంత మిగిలిందో రోజూ ఒక కాగితం మీద రాసుకోండి. చాలా రోగాల్లో అవి బయటికి కనిపించక ముందే నీళ్లు తాగడం తగ్గుతుంది.

ఇప్పుడు ప్రతి పిల్లనీ ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. కాళ్లు ఎండిన పుల్లల్లా ముడతలు పడి, నరం పైకి తేలి ఉంటే ఒంట్లో నీరు లేదు. అలాంటి పిల్ల ముక్కు కొసని నీళ్లలో ముంచి వదలండి. ముక్కు రంధ్రాలు మునగకూడదు. మింగి తల పైకెత్తే దాకా ఆగి, రెండు మూడుసార్లు చేయండి. తర్వాత మెడ కింద, రొమ్ము పైన ఉండే మేతసంచిని వేలికొసలతో తడమండి. మెత్తగా, తడిపిన పిండి ముద్దలా తగిలితే తిని, తాగింది. గట్టిగా ఇసుక మూటలా ఉంటే తింది గానీ నీళ్లు అందలేదు. ఏమీ తగలకపోతే ఖాళీ. ఇది పడుకునే ముందు చేయాల్సిన పరీక్ష. కొత్త పిల్లల్లో అయితే వచ్చిన ఎనిమిది పది గంటలకే చాలావాటి సంచి నిండి ఉండాలి, మర్నాటికి ఇంచుమించు అన్నింటిదీ నిండాలి.

ముడ్డి అంటుకున్నవాటికి చేయాల్సింది తొందరపడకుండా చేయండి. ఎండిన రెట్టని పీకితే నూగుతో పాటు చర్మం లేచి నెత్తురు వస్తుంది, ఎర్రగా కనిపించిన చోటే మిగతావి పొడుస్తాయి. గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి, ఆ గడ్డ మీద నిమిషం సేపు అదిమి పట్టండి. నానాక కిందివైపు తుడిస్తే దానంతట అదే జారి వస్తుంది. పొడిగుడ్డతో అద్ది, చిటికెడు కొబ్బరినూనె రాసి, బల్బు కింద పూర్తిగా ఆరాకే గుంపులో కలపండి. ఇక్కడ ఒక జాగ్రత్త: పొట్ట కింద, ముడ్డికి కాస్త ముందు చిన్న నల్లటి పొక్కు కనిపిస్తుంది. అది రెట్ట కాదు, బొడ్డు. దాన్ని లాగకండి, లాగితే పిల్ల పోతుంది. ఆ బొడ్డు తడిగా, వాచి, చెడు వాసన వేస్తుంటే అది పొదిగేటప్పుడే సోకిన జబ్బు. అలాంటి పిల్లలు ఎక్కువగా ఉంటే గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మిన హేచరీకి చెప్పాలి.

నూకలు, చోడిపిండి ఒక్కటే పెడితే కడుపు నిండుతుంది, పిల్ల ఎదగదు. వాటిలో మాంసకృత్తులు ఏడెనిమిది శాతానికి మించవు, ఈ వయసుకి 20 శాతం కావాలి. ఇలాగే సాగితే రెండో వారానికి ఈకలు గరుగ్గా, రెక్కలు వేలాడుతూ, కాళ్లు వంకరగా కనిపిస్తాయి. మొక్కజొన్న రవ్వ గానీ నూకలు గానీ మొదటి రోజు ఒక్క పూట చల్లడం మంచిదే, తేలిగ్గా అరుగుతుంది. ఆ పైన చిక్ స్టార్టర్ అనే కోడిపిల్లల మేత పెట్టాలి. 83 పిల్లలకి ఈ వారం రోజుకి సుమారు 800 గ్రాములు పడుతుంది, వారం వారం పెరుగుతుంది. గుడ్ల కోళ్ల మేత చవగ్గా దొరికిందని తెచ్చిపెట్టకండి. అందులో గుల్ల కోసం కాల్షియం మూడున్నర నుంచి నాలుగు శాతం ఉంటుంది, పిల్లకి ఒక శాతం చాలు. ఎక్కువైనది మూత్రపిండాలని పాడు చేస్తుంది.

ఇంట్లోనే కలుపుకుంటామంటే పది కిలోలకి: మొక్కజొన్న పిండి 5 కిలోల 300 గ్రాములు, సోయా చెక్క 3 కిలోల 300, తవుడు ఒక కిలో, కోళ్ల ఖనిజ మిశ్రమం 300 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు, ఆపైన విటమిన్ పొడి ప్యాకెట్ మీద ఉన్న కొలతలో. మాంసకృత్తుల కోసం విశాఖ హార్బరు వైపు దొరికే ఎండుచేపలు దంచి కలుపుతుంటారు కొందరు. ఉప్పు పట్టించిన చేప పిల్లలకి విషంతో సమానం, ఉప్పు వేయకుండా ఎండబెట్టినదని నమ్మకం ఉంటే తప్ప వాడొద్దు. మేత మూడు వారాలకి మించి నిల్వ చేయకండి. బస్తాని నేల మీద కాకుండా చెక్క మీద, గోడకి జానెడు దూరంలో ఉంచండి. ఈ సముద్రపు గాలికి మొక్కజొన్న తొందరగా బూజెక్కుతుంది. ఆ బూజు విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఎండలో పెట్టినా పోదు.

రెండడుగుల పొడవున్న మేత తొట్లు రెండు చాలు. సగానికి మించి నింపకండి, నిండుగా పోస్తే కాళ్లతో చిమ్మి మూడో వంతు ఊకపాలు చేస్తాయి. తక్కువ తక్కువగా నాలుగైదుసార్లు వేయండి, వేసిన ప్రతిసారీ చప్పుడుకి లేచి వస్తాయి. రాకుండా ఒక పక్క కళ్లు మూసుకుని నిలబడిపోయిన పిల్లే మీరు ముందు చూడాల్సింది.

కరెంటు పోయినప్పటి ఏర్పాటు కూడా ఉండాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు, అంత కాకపోయినా చలి రాత్రి రెండు గంటలు పోతే చాలు గుట్టలు పడతాయి. రెండు లీటర్ల సీసాల్లో వేణ్నీళ్లు పోసి, గోనెగుడ్డ చుట్టి, వలయంలో నాలుగు చోట్ల నిలబెట్టండి. రెండు గంటలకోసారి నీళ్లు మార్చండి. మూసిన షెడ్డులో బొగ్గుల కుంపటి పెట్టకండి, దాని నుంచి వచ్చే విషవాయువుకి వాసన ఉండదు, పిల్లలతో పాటు కాపలా పడుకున్న మనుషుల ప్రాణాలూ పోతాయి.

మీ పిల్లలకిప్పుడు ఆరో రోజు. కొక్కెర తెగులుకి మొదటి టీకా, లసోటా, ఐదు నుంచి ఏడు రోజుల మధ్య కంట్లో ఒక్కో చుక్క వేయాలి. కానీ వణుకుతున్న పిల్లలకి టీకా వేస్తే ఇంకా కుంగుతాయి. రెండు రాత్రులు వెచ్చగా గడిచి, చావులు ఆగి, మేత మీద పడ్డాక వేయించండి. టీకా సీసా ఐసు మీద తేవాలి, కలిపాక రెండు గంటల్లోపు అయిపోవాలి. 14వ రోజు గంబోరో రోగానికి టీకా, 28వ రోజు మళ్లీ లసోటా. గంబోరో టీకాని నీళ్లలో ఇస్తే ఆ నీళ్లలో క్లోరిన్ ఉండకూడదు, క్లోరిన్ టీకాలోని క్రిమిని చంపేస్తుంది. కుళాయి నీళ్లు కాకుండా కాచి చల్లార్చినవి తీసుకుని, లీటరుకి 5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి ఇవ్వండి. అమ్మోరు టీకా ఆరు వారాలకి. మారెక్స్ అనే రోగానికి టీకా హేచరీలోనే మొదటి రోజు వేస్తారు, వేశారో లేదో అడిగి రాసుకోండి.

మూడో వారం నుంచి రక్త పారుడు మీద కన్నేయండి. తడి ఊకలో బలపడే కాక్సిడియా అనే పరాన్నజీవి వల్ల వస్తుంది, రెట్టలో నెత్తురు జీర కనబడిన రోజే పశువైద్యుడి దగ్గరకి వెళ్తే ఆంప్రోలియం అనే మందు ఇస్తారు. యాంటీబయోటిక్ మాటకొస్తే, ఎప్పుడు అవసరమో కూడా చెప్పాలి. మొదటి వారంలో నూటికి రెండు మూడు పోవడం మామూలే. బల్బు, నీళ్లు, మేత సరిచేశాక కూడా మూడో రోజుకి చావులు తగ్గకపోతే, లేదా సుద్దలా తెల్లటి రెట్ట చాలా పిల్లల్లో కనిపిస్తే, అది పుల్లోరం లాంటి రోగం కావచ్చు. అప్పుడే చనిపోయిన పిల్లలు రెండింటిని ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఐసు ముక్కల మీద పెట్టుకుని, ఆ పూటే పశువైద్యశాలకి తీసుకెళ్లండి. ఫ్రీజరులో గడ్డకట్టించకండి, కోసి చూడటానికి పనికిరాదు. ఏ మందు, ఎన్ని రోజులు అన్నది వాళ్లు చూసి చెప్పాలి. మిగతా చచ్చినవాటిని షెడ్డుకి దూరంగా మోకాలి లోతు గోతిలో సున్నం వేసి పూడ్చండి, కుక్కలు తవ్వకుండా పైన రాళ్లు పెట్టండి.

మళ్లీ పిల్లలు తెచ్చేటప్పుడు చలికాలమైతే 12 గంటల ముందే బల్బులు వెలిగించి పెట్టండి. గాలి వేడెక్కితే సరిపోదు, ఊక వేడెక్కాలి. పిల్లల పెట్టె దించే ముందు అరచెయ్యి ఊక మీద ఆనించి చూడండి, చల్లగా ఉంటే ఇంకాసేపు ఆగండి.